‘ముందుది’ అనే మాట

డెబ్బైల చివర్లో, రుద్రవరం దగ్గరి ఒక పల్లెలో చర్చి కడుతుండగా వాకిలి మీది వరండా స్లాబు కూలి ఒకామె చనిపోయింది. ఆ పనికి మేస్త్రీ మా ఆయన. ఆ రోజు నేను నంద్యాల ఆసుపత్రిలో బాలింతగా పడుకుని ఉన్నాను. అందుకే ఆయన పని దగ్గర లేడు.

మా ఆయన వాళ్లది బేల్దారుల ఇల్లు. ఆయన నాయన మట్టి మిద్దెలు కట్టేవాడు. రాతి గోడలు, వేప దూలాలు, పైన చవుడు మట్టి. మా పెళ్లయ్యేనాటికి పల్లెల్లో కూడా స్లాబు మాట వినపడుతోంది. మా ఆయన నంద్యాలలో ఒక కంట్రాక్టరు దగ్గర కొన్నేళ్లు చేసి ఆ పని నేర్చుకున్నాడు. తర్వాత సొంతంగా చిన్న చిన్న పనులు పట్టుకోసాగాడు. నేను నంద్యాలలోనే చిన్నపిల్లల బడిలో టీచర్ని. 

చర్చి పని ఆయనకు ఇప్పించింది మా నాయన స్నేహితుడు. ఆయనది ఆ పల్లే. ఆళ్లగడ్డలో టీచరుగా చేస్తూ, ఊళ్లో సంఘానికి పెద్దగా ఉండేవాడు. పాత చర్చి బోదగడ్డి కప్పిన కొట్టం. ప్రతి వానాకాలం కారేది. కూలి పనులకు పోయే కుటుంబాలు ఏళ్ల తరబడి కూడబెట్టుకుని, ఈసారి స్లాబే వేయాలని పట్టుబట్టారు. సిమెంటు అప్పట్లో అంగడిలో అడిగితే దొరికేది కాదు, సర్కారు పర్మిట్టు కావాలి. ఆ పర్మిట్ల కోసం ఆ పెద్దాయన సెలవులన్నీ ఆఫీసుల చుట్టూ తిరగడానికే పెట్టాడు. సిమెంటు వచ్చినప్పుడు పని, రానప్పుడు లేదు. అందుకే స్లాబు మొత్తం ఒకేసారి పోయలేదు. వెనకవైపు పాస్టరుగారి చిన్న గది ముందు పోశారు. దాని తర్వాత చాలా రోజులకు వాకిలి మీది వరండా పోశారు. మధ్యలో హాలు మిగిలింది.

చనిపోయినామెను నేను ఒక్కసారే చూశాను. పునాది ప్రార్థనకు మా ఆయనతో పాటు పోయాను. నాకప్పుడు అయిదో నెల. జనం ఎండలో నిలబడి పాటలు పాడుతుంటే, ఆమె ఎక్కడి నుంచో ఒక గోనెసంచి తెచ్చి పక్కింటి గోడ నీడలో పరిచింది. "ఈడ కూచోమ్మా. వాళ్ల ప్రార్థన ఇప్పట్లో కాదు" అంది. సన్నగా, ఎత్తుగా ఉంది. సిమెంటు మోసే పనికి వస్తానని మా ఆయనతో అప్పుడే మాట్లాడుకుంది. మా ఆయనను ‘మేస్త్రన్నా’ అనేది. మొగుడు చేను పనికి పోతాడని, ఒక కూతురు ఉందని చెప్పింది. అంతకు మించి ఆమె గురించి నాకు ఏమీ తెలియదు. 

మాకు రెండో బిడ్డగా కూతురు పుట్టింది. కాన్పు కష్టమైంది. ఆ సాయంత్రం నుంచి నాకు జ్వరం. మరునాడు ఆ పెద్దాయన ఏదో పనిమీద నంద్యాలకు వచ్చి, బస్సు ఎక్కే ముందు ఆసుపత్రికి వచ్చాడు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. తర్వాత చేతిసంచిలోంచి మడత పెట్టిన గుడ్డలు తీశాడు.

"సిమెంటు మోసే ఆయమ్మ ఇమ్మనిందమ్మా. పాత చీర ముక్కలంట. ఉడకబెట్టి ఆరేసిందంట. బిడ్డకు మెత్తగా ఉంటాయనింది."

మా ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆ రోజే మళ్లీ సిమెంటు వచ్చిందని పెద్దాయన చెప్పాడు. హాలు పోయాలంటే, స్లాబు గట్టిపడేదాకా కింద మోసే సెంట్రింగుకు పలకలు, కట్టెలు చాలవు. వెనక గదికి కొట్టినవి తీస్తేనే హాలుకు సరిపోతాయి.

"రేపు నేను రాలేనన్నా. ఈమెకు జరం దిగలే" అన్నాడు మా ఆయన. "పని నిలపొద్దు. ముందుది సెంట్రింగు తీసేయమని చెప్పు."

"ముందుది తీసేయమనాల. అంతే గదా?"

"అంతే. నిదానంగా తీయమను. పలకలు పగలకుండా."

"చెప్తాలే. నువ్వు ఈయమ్మను చూసుకో."

నేను ఆ మాటలు విన్నాను. కళ్లు మూసుకుని ఉన్నా విన్నాను. నాకు అవి పలకల గురించి, కట్టెల గురించి మగవాళ్లు మాట్లాడుకునే మాటలు. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. అటు తిరిగాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. పెద్దాయన చెప్పగా, సెంట్రింగు మనిషి చెప్పగా, పోలీసు స్టేషన్‌లో చెప్పినవి మా ఆయన వచ్చి చెప్పగా తెలిసింది. 

సెంట్రింగు చూసే మనిషి కొత్తవాడు. పాత మనిషి కోతలకని వాళ్ల ఊరికి పోతే, ఆత్మకూరు నుంచి ఇతన్ని పిలిపించారు. వరండా పోసిన తర్వాత వచ్చాడు. ఏది ఎప్పుడు పోశారో అతనికి తెలియదు. పెద్దాయన పొద్దున్నే పని దగ్గరికి పోయి, మేస్త్రీ ముందుది తీసేయమన్నాడని చెప్పాడు. ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పాడు. చెప్పేటప్పుడు ఇద్దరూ చర్చి ఎదుట, రోడ్డు మీద నిలబడి ఉన్నారు. వాళ్లకు ముందున్నది వరండా.

సెంట్రింగు మనిషికి అనుమానం రాకపోలేదు. "ఇది ఎప్పుడు పోసినారన్నా?" అని అడిగాడంట.

"మేస్త్రీ చెప్పినాడప్పా. ఆయనకు తెలీదా?" అన్నాడంట పెద్దాయన.

ఆయనకు లోపల సంతోషం కూడా కలిగిందని తర్వాత ఆయనే చెప్పాడు. వరండా కింద కట్టెలు తీసేస్తే ఆదివారం నాటికి ముసలివాళ్లు నీడన కూర్చోవచ్చు అనుకున్నాడు. సెంట్రింగు మనిషి కట్టెతో స్లాబు అంచును తట్టి చూశాడు. పైన ఎండకు గట్టిగానే ఉంది. ఇంకేమీ అడగలేదు.

కట్టెలు తీసినప్పుడు ఏమీ కాలేదు. పలకలు కూడా ఊడి వచ్చాయి. అంతా అయిపోయిందని మగవాళ్లు బీడీలు ముట్టించుకున్నారు. పలకల నుంచి రాలిన మేకులు పారేయరు, ఏరి సాపు చేసి మళ్లీ వాడతారు. వాటిని ఏరడానికి ఆమె ఇనుప బొచ్చె పట్టుకుని వరండా కిందికి పోయింది. ముందు దుమ్ము రాలినట్టు అయిందంట. ఎవరో పిలిచారంట, ఆమె తలెత్తిందంట. స్లాబు వాకిలి వైపు నుంచి విరిగి మొత్తంగా కిందికి వచ్చింది. అంచున నిలబడిన సెంట్రింగు మనిషి పాదం నలిగింది. ఆమెను బయటికి తీయడానికి ఊరంతా వచ్చింది. తీసేసరికి ప్రాణం లేదు.

మాకు కబురు తెచ్చింది పనికి ఇసుక తోలే లారీ డ్రైవరు. మధ్యాహ్నం దాటింది. మా ఆయన నా కోసం పాలు, రొట్టె తెచ్చి రొట్టె విడదీస్తున్నాడు. డ్రైవరు వార్డు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"మేస్త్రీ, వరండా పడిపోయింది."

"యా వరండా?"

"చర్చిది. మనిషి పోయింది."

మా ఆయన రొట్టె చేతిలో పట్టుకునే ఉన్నాడు. "దాన్ని ఎవరు ముట్టినారు? పోసి వారం గూడా కాలేదే" అన్నాడు.

"నువ్వే తీయమన్నావంట గదా" అన్నాడు డ్రైవరు.

పోయింది ఎవరో అప్పుడు చెప్పాడు. మా ఆయన రొట్టెను నా మంచం మీద పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుని, లారీ ఎక్కి పోయాడు. నా వైపు చూశాడో లేదో నాకు గుర్తు లేదు. బిడ్డ ఆమె పంపిన గుడ్డల్లోనే పడుకుని ఉంది. ఆ గుడ్డను తీయాలా, ఉంచాలా అని ఆలోచించాను. తీయలేదు. ఏడుపు రాలేదు. పక్క మంచం ఆమె ఏమైందని అడిగితే, "పని దగ్గర ఎవరో పోయినారంట" అన్నాను. ఆమె అయ్యో అంది. నేను రొట్టె పాలలో ముంచుకుని తిన్నాను. రుచి తెలియలేదు. తినాలి కాబట్టి తిన్నాను.

మా ఆయనను స్టేషన్‌లో కూర్చోబెట్టారు. పెద్దాయనను కూడా. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఎవరు తీయమన్నారని అడిగారు. సెంట్రింగు మనిషి పెద్దాయన చెప్పాడన్నాడు. పెద్దాయన మేస్త్రీ చెప్పాడన్నాడు. మా ఆయన అవును, నేనే చెప్పినా అన్నాడు. ముగ్గురూ నిజమే చెప్పారు. నిజం చెప్తే ఎక్కడో ఒకచోట తప్పు దొరుకుతుందని నేను బడిలో పిల్లలకు చెప్పేదాన్ని. 

నేను ఇంటికి వచ్చిన తర్వాత ఒక సాయంత్రం పెద్దాయన వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. మా ఆయన గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు. కుర్చీ వేస్తే పెద్దాయన కూడా నేల మీదే కూర్చున్నాడు.

"నువ్వు ముందుది అన్నావా, లేదా?" అన్నాడు.

"అన్నా."

"ముందుదంటే ముందరిది గదప్పా. వాకిలి దగ్గరిది."

"ముందు పోసింది అన్నా. వెనక గది."

ఆ మాటను నోట్లోనే రెండు రకాలుగా అనుకుని చూస్తున్నట్టు పెద్దాయన పెదవులు కదిలాయి. "ఆ మాటే గదా నేనూ చెప్పింది" అన్నాడు చివరికి.

"అదే చెప్పినావన్నా. నువ్వేం మార్చలే."

నేను కాఫీ ఇచ్చాను. ఇద్దరూ తాగారు. ఆయన పోయేటప్పుడు ప్రార్థన చేయలేదు. మా ఇంటికి వచ్చి ప్రార్థన చేయకుండా ఆయన పోవడం అదొక్కసారే.

ఊళ్లలో వేరే మాట పుట్టింది. పర్మిట్టు సిమెంటును మేస్త్రీ అమ్ముకుని, స్లాబులో బూడిద కలిపాడని అన్నారు. నంద్యాలలో మా బడి దగ్గర కూడా ఒకరిద్దరు ఆ మాట అనుకోవడం నేను విన్నాను. నాకు అదే నయం అనిపించింది. దొంగతనమైతే జనానికి అర్థమవుతుంది. ఒక మాటకు రెండు అర్థాలుండి మనిషి చచ్చిపోయిందంటే ఎవరికి చెప్పుకోవాలి? మా ఆయన ఆ పుకారును కాదని కూడా అనలేదు. కేసు ఆళ్లగడ్డలో వాయిదాల మీద వాయిదాలు పడుతూ నడిచి, చివరికి ప్రమాదం అని తేలింది. తీర్పు రోజు ఆయన బస్సు దిగి ఇంటికి వచ్చి, "కొట్టేసినారు" అని ఒక మాట చెప్పి బావి దగ్గరికి స్నానానికి పోయాడు.

అంతకుముందే చర్చి పని పూర్తి చేశాడు. ఇంకో మేస్త్రీని చూసుకోమని సంఘాన్ని బతిమాలాడు గానీ వాళ్లు ఒప్పుకోలేదు. దయతో కాదు, ఇంకొకరిని వెతికే ఓపిక లేక. కూలిన స్లాబును సమ్మెటలతో పగలగొట్టి తీయించి, మళ్లీ పోశాడు. ఈసారి వరండా కింద కట్టెలు ఎంతకాలం ఉంచాడంటే, వాటిని చుట్టుకుని ఏదో తీగ పైదాకా పాకిందని జనం చెప్పుకున్నారు. తీసిన రోజు, తీసేవాళ్లను పక్కకు పంపి ఆయనే కింద నిలబడ్డాడంట. ఆ సంగతి నాకు ఆయన చెప్పలేదు.

ఆ మరుసటి ఏడు చనిపోయినామె మొగుడు మా ఇల్లు వెతుక్కుంటూ నంద్యాలకు వచ్చాడు. నేను తలుపు తీశాను. ఎవరో తెలియక ఎవరు కావాలన్నాను. చెప్పాడు. మా ఆయన లోపల నుంచి వచ్చి అతన్ని చూసి నిలబడిపోయాడు.

"ఏమన్నా పనుంటే పెట్టుకోన్నా" అన్నాడు అతను.

"నా దగ్గరనా?"

"బేల్దారి పనిలో నాకు తెలిసింది నువ్వే. ఊర్లో ఉండలేకుండా ఉండా. చేనికి పోవాలంటే ఆ చర్చి ముందర్నే పోవాల. పాపను మా యక్క దగ్గర పెట్టినా."

మా ఆయన నా వైపు చూశాడు. నేను అన్నం పెడతానన్నాను. అతను తిన్నాడు. మరుసటి రోజు నుంచి పనికి పోయాడు. ఏడెనిమిదేళ్లు మా ఆయనతోనే చేశాడు. మొదట మట్టి కలిపాడు, తర్వాత రాయి పని, తర్వాత సెంట్రింగు కూడా నేర్చుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సద్ది తినేవాళ్లు. ఆమె మాట వాళ్ల మధ్య ఎప్పుడూ రాలేదని మా ఆయన చెప్పాడు. నేను అడిగితేనే చెప్పాడు.

మా ఆయన బయటికి మారినట్టు కనపడలేదు. పనికి పోయేవాడు, వచ్చేవాడు, ఆదివారం చర్చికి వచ్చేవాడు. పాటలు పాడేటప్పుడు పుస్తకం తెరిచి పట్టుకుని ఊరికే నిలబడేవాడు. పని చెప్పడంలో మాత్రం మారాడు. ఇంకొకరి నోట కబురు పంపడం మానేశాడు. జ్వరమొచ్చినా, వానొచ్చినా, సెంట్రింగు తీయాలంటే తనే పోయి నిలబడేవాడు. ప్రతి స్లాబు పక్క గోడ మీద, పోసిన తేదీ సున్నంతో రాయించేవాడు. చదువురాని కూలోళ్ల కోసం, ముట్టకూడని వాటి కట్టెలకు ఎర్ర గుడ్డ కట్టించేవాడు. చెప్పిన పనిని అవతలివాడి చేత తిరిగి చెప్పించి, "చెయ్యి పెట్టి చూపించు, ఏది తీస్తావో" అనేవాడు. పెద్ద పెద్ద మేస్త్రీలు నవ్వారు. ‘ఎర్ర గుడ్డ మేస్త్రీ’ అని పేరు పెట్టారు. కొందరు కూలోళ్లు మాత్రం వేరే పనులకు పోయినప్పుడు, "ఈడ గుడ్డ కట్టలేదేం?" అని అడగడం మొదలుపెట్టారని విన్నాను. 

ఇంట్లో కూడా ‘ముందు’ అనే మాట ఆయన నోట రాలేదు. ఎదురుగా ఉన్నదైతే ‘వాకిలి పక్కది’ అనేవాడు. మొదటిదైతే ‘ఫస్టుది’ అనేవాడు. "ఫస్టు పిల్లలకు పెట్టు, తర్వాత నేను తింటా" అనేవాడు. నాయనకు ఇంగ్లీషు వచ్చేసిందని పిల్లలు నవ్వేవాళ్లు. వాళ్లకు ఎందుకో చెప్పలేదు. నేను బడిలో తెలుగు పాఠం చెప్తూ ఆ మాట దగ్గరికి వస్తే ఆగకుండా చదివేసేదాన్ని. 

ఎనభైల నడిమికి పర్మిట్ల ఇబ్బంది తగ్గింది. అంగడిలో సిమెంటు దొరికేది. నంద్యాలలో గోడౌన్లు, మిల్లులు లేస్తున్నాయి. ఒక పత్తి వ్యాపారి పెద్ద గోడౌను కట్టించే పని మా ఆయనకు ఇచ్చాడు. ఆయన చేసిన పనుల్లో అదే పెద్దది. స్లాబు పోశాక సెంట్రింగు తీయమని వ్యాపారి తొందరపెట్టాడు. పత్తి వచ్చే కాలం, సరుకు బయట పెడితే తడుస్తుందని ఆయన భయం. ఒకరోజు ఇంటికే వచ్చాడు.

"ఏం మేస్త్రీ, నీ సెంట్రింగు నా మనవళ్ల పెండ్లిదాకా ఉంటాదా? బేగా తీయించు."

"ఇంగా టైము కాలేదు సార్."

"అందరూ తీస్తాండారు గదా. సిమెంటు కూడా మంచిదే తెప్పిస్తి."

"మంచిదే సార్. టైము కాలేదు."

"నువ్వు తీయకుంటే ఇంకొకరు తీస్తారు."

"తీయించుకో సార్. నేను తీయను."

వ్యాపారి కోపంగా ఏమీ అనలేదు. బయటికి పోయి ఇంకో మేస్త్రీని పెట్టుకున్నాడు. ఆ మేస్త్రీ వచ్చిన వెంటనే గోడౌను కింది కట్టెలు తీయించాడు. ఆ రోజు మా ఆయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు. రోడ్డు మీద ఎవరు పరిగెత్తినా తలెత్తి చూశాడు. సాయంత్రమైంది. ఎవరూ రాలేదు.

స్లాబు పడలేదు. మరునాడు కూడా పడలేదు. ఆ నెలంతా పత్తి బేళ్లు లోపలికి పోతూనే ఉన్నాయి.

మా ఆయనకు కొన్నాళ్లు పనులు రాలేదు. అతి భయస్తుడని పేరొచ్చింది. ఆయన దగ్గరున్న మనుషులు వేరే చోట్లకు పోయారు. చనిపోయినామె మొగుడు కూడా పోయాడు. పోయే ముందు ఇంటికి వచ్చి చెప్పే పోయాడు. కూతురి పెండ్లి చేయాలి, పని లేకుంటే ఎట్ల అన్నాడు. పో అన్నాడు మా ఆయన.

కొన్ని వారాల తర్వాత ఇద్దరం మార్కెట్టు నుంచి వస్తూ ఆ గోడౌను పక్కన ఆగాం. ఆయనే ఆగాడు. తలుపులు తీసి ఉన్నాయి. లోపల గోడకు పూత పని నడుస్తోంది. చనిపోయినామె మొగుడు చేతిలో తాపీతో స్లాబు కింద నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి బయటికి వచ్చాడు. 

"ఏమన్నా, ఈడికొచ్చినావ్?"

"ఊరికే. పోతాపోతా ఆగినా. ఈడనే చేస్తాండావా?"

"ఈడనే. ఇంగ కొంచిం పూత ఉండాది." తల ఎత్తి పైకి చూశాడు. "పడలేదు చూడన్నా" అన్నాడు. ఎగతాళి లేదు, బాధ లేదు. వాన పడలేదు అన్నట్టు అన్నాడు.

మా ఆయన కూడా పైకి చూశాడు. స్లాబు నున్నగా, సమంగా ఉంది. ఎక్కడా నెర్రె లేదు. అది ఆయన పోసిన స్లాబే.

"పడలేదు" అన్నాడు. "మంచిదే గదా."

"మంచిదే."

అతను పాప పెండ్లికి రమ్మని చెప్పాడు. వస్తామన్నాం. అతను లోపలికి పోయి మళ్లీ తాపీ అందుకున్నాడు. మా ఆయన అక్కడే నిలబడి ఉంటే, కూరగాయల సంచి బరువుగా ఉందని నేను చెయ్యి మార్చుకున్నాను. ఆయన అది చూసి సంచి తన చేతిలోకి తీసుకుని నడవడం మొదలుపెట్టాడు. ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని, జొన్నరొట్టె తిని, బాగుంది, ఇంకొకటి పెట్టు అన్నాడు.